పావలా కోడికి ముప్పావలా మసాలా

ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో "చారానే కీ ముర్గీ, బారానే కా మసాలా" అనే సామెత తరచుగా వినిపిస్తుంది. తెలుగువారు దీనినే "పావలా కోడికి ముప్పావలా మసాలా" అంటారు. భాషలు రెండయినా అనుభవం ఒక్కటే. వస్తువు వెలను మించి దాని వెంట వచ్చే ఖర్చు పెరిగినపుడు గృహిణులు నవ్వుతూ అనే మాట ఇది. అయితే మసాలా వెల ఎంతో తెలుసుకోకుండానే విందుకు మాట ఇచ్చిన వాని పరిస్థితి మాత్రం నవ్వులాట కాదు. ఇంట కూర్చుండి ఆన్‌లైన్‌లో వస్తువులు అమ్ముతూ, వాటిని సముద్రాల కావలి దేశాలకు పంపజూస్తున్న మన యువతీ యువకులలో కొందరు నేడు సరిగ్గా ఇట్టి చిక్కులోనే పడుతున్నారు.

తెలుగు పాఠం చెప్పుకునే మాకు ఈ వర్తకపు గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడుగవచ్చు. పద్యంలో ఒక్క మాత్ర లోపించినా నడక కుంటుపడుతుందని తరగతి గదిలో నిత్యం చెప్పేవారము మేము. కొలత తప్పడమంటే ఏమిటో మాకూ కొంత తెలుసు. అంతకు మించి, ఈ చిక్కులో పడినది మా పూర్వ విద్యార్థిని. ఆమె మా వద్దకు తెచ్చిన ప్రశ్న లెక్కకు సంబంధించినది మాత్రమే కాదు, నీతికి సంబంధించినది కూడా. కావుననే ఈ వ్యాసం వ్రాయ పూనుకున్నాము.

ఆ అమ్మాయి బి.కాం. ముగించి, తల్లి కుట్టుమిషను సంపాదనకు తోడుగా ఉండాలని, కొండపల్లి బొమ్మలను ఆన్‌లైన్‌లో అమ్మడం ప్రారంభించింది. 2025 జూలైలో లండన్‌లోని ఒక తెలుగు కుటుంబం అంబారీ ఏనుగు బొమ్మను కోరింది. బొమ్మ వెల 2,400 రూపాయలు. అందులో 1,700 బొమ్మ చేసిన వృద్ధునికి చెల్లవలసినది. మిగిలిన 700 ఆమె రాబడి. వంటింటి త్రాసులో తూచితే బొమ్మ 600 గ్రాములు తూగింది. పెట్టెతో కలిపి కిలో లోపే ఉంటుందని భావించి, ఒక కొరియర్ సంస్థ వారి కిలో రేటు అడిగి తెలుసుకొని, రవాణాకు 1,600 రూపాయలు వసూలు చేసింది. కొన్నవారు సొమ్ము చెల్లించారు. ఈమె ఆర్డరు ఖాయమైనదని జవాబిచ్చింది.

పార్సిల్ కట్టి తీసుకొని వెళ్లిన నాడు అసలు సంగతి బయటపడింది. కొరియర్ వారు అడిగినది 4,300 రూపాయలు!

ఇందులో మోసమేమీ లేదు. తెల్లపొణికి కర్ర తేలికైనది, మెత్తనిది. దెబ్బ తగిలితే విరిగిపోతుందని చుట్టూ కాగితమూ దూదీ కూరి, పెద్ద పెట్టెలో పెట్టింది. పెట్టె పొడవు 30, వెడల్పు 25, ఎత్తు 20 సెంటీమీటర్లు. త్రాసులో అది తూగినది 1 కిలో 100 గ్రాములే. కాని విమానంలో పార్సిల్ బరువు మోపడమే కాదు, చోటు కూడా ఆక్రమిస్తుంది. అందుచేత అంతర్జాతీయ కొరియర్ సంస్థలు సాధారణంగా మూడు కొలతలను సెంటీమీటర్లలో గుణించి, 5,000తో భాగిస్తాయి. అలా వచ్చిన అంకె, త్రాసు చూపిన అంకె - ఈ రెండింటిలో ఏది హెచ్చయితే దానికే రుసుము. 30, 25, 20 లను గుణిస్తే 15,000. దానిని 5,000తో భాగిస్తే 3. అనగా కిలో దాటిన పెట్టెకు మూడు కిలోల రుసుము. త్రాసు చెప్పని మాటను కొలబద్ద చెప్పినదన్నమాట.

లోటు 2,700 రూపాయలు. తన రాబడి 700 వదులుకున్నా, మరి రెండు వేలు ఇంటినుండి తెచ్చి పెట్టవలసిన పరిస్థితి. హితులు తలకొక సలహా ఇచ్చారు. "మిగతా సొమ్ము కొన్నవారినే పంపమను, ఇవ్వకుంటే పార్సిల్ పంపకు" అన్నారొకరు. "బొమ్మ విరిగిపోయిందని చెప్పి సొమ్ము వాపసు చేయి" అన్నారు మరొకరు. "ఆ ముసలాయనకు ఈసారి వెయ్యి రూపాయలే ఇవ్వు, నష్టంలో ఆయనా పాలు పంచుకుంటాడు" అన్నారు ఇంకొకరు. ఆమె మా ఇంటికి వచ్చి అడిగిన ప్రశ్న ఒక్కటే: "సార్, వీటిలో తప్పు కానిదేది?"

మా జవాబు సూటిగానే చెప్పాము. వీటిలో తప్పు కానిది ఏదీ లేదు. పెట్టెను కొలువనిది ఎవరు? లండన్‌లోని గృహస్థుడా? కొండపల్లిలో ఉలి పట్టిన వృద్ధుడా? కొన్నవారు తమకు చెప్పిన వెలను నమ్మి చెల్లించారు. చేసినవాడు తన పని తాను పూర్తి చేశాడు. లెక్క తప్పినవారు ఒక్కరే. ఆ తప్పు వెలను ఇతరుల జేబులో వెదకడం న్యాయం కాదు. బొమ్మ విరిగిపోయిందనడం అబద్ధమే గాని లెక్కకు పరిష్కారం కాదు.

మన చట్టమూ ఇంచుమించు ఇదే మాట చెబుతున్నది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 22వ సెక్షన్ ప్రకారం, ఒక పక్షంవారు మాత్రమే ఒక వాస్తవ విషయంలో పొరబడినంత మాత్రాన ఒప్పందం రద్దు చేయదగినది కాజాలదు. కామర్సు విద్యార్థులు పరీక్ష కోసం కంఠస్థం చేసే ఈ సూత్రం ఎక్కడో న్యాయస్థానంలో కాదు, ఇదిగో, ఈ అట్టపెట్టె ముందు జీవం పోసుకుంటున్నది.

అటులని నష్టాన్ని కళ్లు మూసుకొని మింగమని మేము అనలేదు. మొదట ఆ రాత్రే తన అమ్మకపు పుటలోని రవాణా రేటును సరిదిద్దమన్నాము. తప్పు రేటు అక్కడే ఉంటే మరునాడు మరొక ఆర్డరు వచ్చి గాయం రెండింతలవుతుంది. తరువాత పెట్టెను విప్పి మళ్లీ కట్టమన్నాము. బొమ్మకు భద్రత చెడకుండా 24, 20, 15 సెంటీమీటర్ల పెట్టె సరిపోయింది. గుణిస్తే 7,200, భాగిస్తే 1.44. అర కిలో లెక్కన పైకి సవరించగా కిలోన్నర. రుసుము 2,500కు దిగింది. లోటు 900. రాబడి 700 పోగా చేతినుండి పడినది 200 రూపాయలు. కొన్నవారికి ఒక్క పైసా అదనం లేదు. బొమ్మ చేసినవానికి ఒక్క పైసా తక్కువ లేదు. ఆ 200 రూపాయలను మేము నష్టమనము, పాఠానికి కట్టిన ఫీజు అంటాము.

అయితే లెక్క తప్పిన ప్రతిసారీ తప్పు అమ్మేవారిదేనా? కాదు. ఆ తరువాతి నెలలోనే ఆమెకు రెండవ పరీక్ష ఎదురయింది. దసరా బొమ్మల కొలువు కోసం అమెరికా నుండి రెండు తెలుగు కుటుంబాలు బొమ్మలు కోరాయి. ఈసారి పెట్టె కట్టి, తూచి, కొలిచి, తపాలా రేటు ప్రకారమే సొమ్ము తీసుకున్నది. కాని 800 డాలర్ల లోపు దిగుమతులకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుండి అమెరికా ఎత్తివేసింది. సుంకం ఎవరు, ఎట్లు వసూలు చేయాలో స్పష్టత లేక, భారత తపాలా శాఖ ఆగస్టు 25 నుండే ఆ దేశానికి పార్సిళ్లు తీసుకోవడం నిలిపివేసింది. ఇది ఆమె పొరపాటు కాదు. కొన్నవారి పొరపాటు అంతకంటె కాదు.

తొలుత 100 డాలర్ల వరకు విలువ గల బహుమతులకు మినహాయింపు ఉండేది. "బహుమతి అని వ్రాసి పంపించు, ఎవరు చూస్తారు?" అనే సలహా వెంటనే వచ్చింది. ఈ సలహా పట్ల మన విద్యార్థులు ఎంతో జాగ్రత్త వహించాలి. కస్టమ్స్ పత్రం మీద చేసే సంతకం ఒక ప్రమాణం వంటిది. అమ్మిన వస్తువును బహుమతి అనడం, రెండు వేల వస్తువును రెండు వందలని వ్రాయడం నేరం. పార్సిల్ పట్టుబడితే చిక్కు కొన్నవారి గుమ్మానికీ చేరుతుంది. దారిలో వస్తువు పోతే పరిహారమూ ఆ రెండు వందల లెక్కనే అడుగవలసి వస్తుంది.

ఆమె ఆ దారిన పోలేదు. వార్త తెలిసిన నాడే ఇరువురికీ ఉన్నదున్నట్లు వ్రాసింది. మూడు మార్గాలు చూపింది: తేడా సొమ్మూ సుంకమూ భరిస్తే కొరియర్‌లో పంపడం, తపాలా దారి తెరచుకునే వరకు వేచి ఉండడం, లేదా మొత్తం సొమ్ము వాపసు. ఒకరు వాపసు కోరారు, మరునాడే పంపింది. రెండవవారు వేచి ఉంటామన్నారు. అక్టోబరు 15న సేవలు తిరిగి మొదలయ్యాయి; సుంకాన్ని ఇక్కడే ముందుగా కట్టించుకునే పద్ధతి వచ్చింది. ఆ సుంకం ఎంతో ముందే తెలిపి, వారి సమ్మతితో పంపింది. దసరా కొలువుకు అందని బొమ్మలు సంక్రాంతి కొలువులో కూర్చున్నాయి.

మా అభిప్రాయం ఈ రెండు ఉదంతాల నడుమ ఉన్నది. తన కొలత తప్పి ఖర్చు పెరిగితే, ఒప్పుకున్న ఆర్డరు వరకు ఆ భారం అమ్మినవారిదే. లోకపు నియమం మారి ఖర్చు పెరిగితే, నిర్ణయం కొన్నవారితో కలసి చేయవలసినది. రెండింటిలోనూ దాపరికం తగదు. మొదటి దానిని రెండవదని నమ్మించడం - అనగా తన అజాగ్రత్తను "రేట్లు పెరిగాయండీ" అనే మాట చాటున దాచడం - అన్నింటికంటె హీనం.

"పెద్ద కంపెనీలు ఉచిత రవాణా అంటుంటే మేము నష్టాలు భరిస్తూ ఎన్నాళ్లు నిలువగలం?" అని చిన్న వర్తకులు ప్రశ్నించవచ్చు. ఆ ప్రశ్నలో నిజమున్నది. ఒక ఆర్డరు నష్టాన్ని మాట కోసం భరించవచ్చు. పది ఆర్డర్ల నష్టాన్ని భరిస్తే దుకాణమే ఉండదు. కాని దానికి మందు ఆర్డరుకు ముందే వేయాలి. ఉచిత రవాణా అనేది లోకంలో లేదు. వెలలో కలిపిన రవాణా మాత్రమే ఉన్నది. వస్తువును కాక కట్టిన పెట్టెను తూచాలి. మూడు వైపులా కొలవాలి. కొరియర్ వారు చెప్పే రేటులో పన్నూ, తరచుగా మారే ఇంధన రుసుమూ కలిసినవో లేదో అడగాలి. తపాలా సేవలకు బరువు, కొలతల పరిమితులు ఉంటాయని తెలిసి ఉండాలి. అక్కడి సుంకం ఎవరు కట్టాలో అమ్మకపు పుటలోనే వ్రాయాలి. 2021లో జనవరి 1న బ్రిటన్, జూలై 1న ఐరోపా సమాఖ్య చిన్న పార్సిళ్లకు ఉన్న దిగుమతి వ్యాట్ మినహాయింపులను తొలగించాయి. 2025లో అమెరికా చేసినది చూశాము. నిరుటి లెక్క నేడు చెల్లుతుందనుకోరాదు. సరిగా లెక్క తెలియని దేశానికి అమ్మకం తెరవకపోవడం పిరికితనం కాదు, వివేకం.

ఇక కళాశాల సంఘం పెద్దలకు ఒక విన్నపం. మన పిల్లలు వర్తకశాస్త్రంలో ప్రథమ శ్రేణి మార్కులు తెచ్చుకుంటున్నారు. కాని ఒక పార్సిల్‌కు కస్టమ్స్ పత్రం నింపమంటే తెల్లబోతున్నారు. ఎగుమతికి కావలసిన ఐ.ఇ.సి. సంఖ్యకు దరఖాస్తు రుసుము 500 రూపాయలు మాత్రమేనని ఎందరికి తెలుసు? చిన్న ఎగుమతిదారులకు సహాయపడేందుకు తపాలా శాఖ 2022 నుండి 'డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాల'ను నెలకొల్పుతూ వచ్చింది. అట్టివి దేశంలో వేయికి పైగా ఉన్నాయి. ఏడాదికి ఒకనాడు విద్యార్థులను అట్టి కేంద్రానికి తీసుకొనిపోయి, ఒక్కొక్కరి చేత ఒక పెట్టె కట్టించి, తూచించి, కొలిపించి, పత్రం వ్రాయించితే చాలు. కళాశాలకు కావలసినది ఒక త్రాసు, ఒక టేపు, ఒక పూట సమయం.

విద్యార్థులారా! ఉర్దూలో 'అమానత్' అనే చక్కని మాట ఉన్నది. నమ్మి మన చేతిలో పెట్టినది అని దాని భావం. ఎన్నడూ మన ముఖం చూడని మనిషి, వేల మైళ్ల దూరం నుండి, మనం వ్రాసిన ఒక అంకెను నమ్మి సొమ్ము పంపుతున్నాడు. ఆ అంకె అమానత్. దానిని వ్రాసే ముందు పదిమార్లు కొలవండి. వ్రాసిన తరువాత తప్పని తేలితే, మసాలా వెల మీరే చెల్లించండి. విందుకు పిలిచినవారు మీరే గదా!