పుల్లకు గుచ్చి... నిప్పుల మీద కాల్చి!

ఎండాకాలం ఆదివారమంటే ఇంటిల్లిపాదికీ సెలవే... పొయ్యి దగ్గరున్న మనిషికి తప్ప! బయట నలభై రెండు డిగ్రీలుంటే వంటింట్లో ఇంకో రెండు మూడు ఎక్కువే ఉంటుంది. పిల్లలకేమో అదేం పట్టదు. 'ఇవాళ ఆదివారం కదా, నీసు లేదా?' అంటారు. రొయ్యల ఇగురు పెట్టాలంటే ఉల్లిపాయలు వేగాలి, మసాలా మగ్గాలి, నూనె పైకి తేలాలి. తక్కువలో తక్కువ ముప్పావు గంట. చేపల పులుసైతే చింతపండు పిసకడం దగ్గర్నుంచి ఇంకో పావుగంట కలుపుకోవాలి. అంతసేపూ ఆ సెగ ముందు నిలబడాల్సిందే.

అవే రొయ్యల్ని పుల్లకు గుచ్చి నిప్పుల మీద పెడితే? అయిదారు నిమిషాలు. అదీ వంటింట్లో కాదు, పొద్దుగూకి గాలి తిరిగాక డాబా మీద. అన్నం, పప్పుచారు ముందే వండి పెట్టుకుంటే చాలు. మిగతా పనంతా నలుగురూ కలిసి చేసేదే. పుల్లలు గుచ్చేది పిల్లలు, విసనకర్ర ఊపేది నాన్న, పక్కన కూర్చుని 'అది తిప్పండి, ఇది మాడిపోతోంది' అనేది అమ్మ. ఈ వంటలో అసలు సుఖం అదే.

ఇదేదో పెద్ద హోటళ్లవాళ్లు కనిపెట్టిన వంటకం అనుకోనక్కర్లేదు. మాంసం ముక్కల్ని చువ్వలకు గుచ్చి నిప్పుల మీద కాల్చడం గురించి 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడో సోమేశ్వరుడి పేరిట వచ్చిన మానసోల్లాసంలోనే ఉంది. మన అరకు కొండల్లో బొంగులో చికెన్‌ చేసేదీ నిప్పుల మీదే. మన ఇళ్లలో కుంపటి మూలన పడింది గ్యాసు వచ్చాకే కదా!

వేసవిలో సముద్రం చేప ఎక్కడిది?

బజారుకెళ్లే ముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా, అంటే 61 రోజులు, మరపడవల వేటకు సెలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి వాటిని పెరగనివ్వాలని ఈ నిషేధం. ఇంజను లేని తెడ్డు పడవలకు మాత్రం మినహాయింపు ఉంటుంది. ఈ రెండు నెలలూ పూట గడవడం మత్స్యకార కుటుంబాలకు కష్టమే. ఆంధ్రప్రదేశ్‌లో వారికిచ్చే నిషేధకాలపు భృతిని 2025లో 10 వేల రూపాయల నుంచి 20 వేలకు పెంచారు.

మరి మే నెలలో మార్కెట్లో కనిపించే వంజరం ఎక్కడిది? విశాఖ వైపు కోనాం అంటారే, అదే. కొంత తెడ్డు పడవలవాళ్లు తెచ్చింది. కొంత పడమటి తీరం నుంచి వచ్చింది. అక్కడ నిషేధం జూన్‌ 1న గానీ మొదలవదు. మిగతాది శీతల గిడ్డంగిలోది. ఐసులో రెండు మూడు రోజులు ప్రయాణించిన చేపను 'పొద్దున్నే దిగిందండీ' అని చెప్పి అమ్మేవాళ్లకు కొదవ లేదు. కన్ను గుంటపడితే, మొప్ప ఎత్తి చూసినప్పుడు ఎర్రగా కాక గోధుమ రంగులో ఉంటే, వేలితో నొక్కిన చోట సొట్ట అలాగే నిలిచిపోతే... ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు. వేసవిలో చేప దగ్గర బేరం ఆడాల్సింది ధర గురించి కాదు.

అందుకే ఈ కాలంలో కాల్చుకోవడానికి చెరువు రొయ్యే తేలిక. రొయ్యల సాగులో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఒకప్పుడు చెరువుల్లో టైగర్‌ రొయ్యదే రాజ్యం. 1990ల్లో వైట్‌స్పాట్‌ తెగులు వచ్చి రైతుల్ని ముంచేసింది. 2009లో వనామీ సాగుకు అనుమతి వచ్చాక మళ్లీ చెరువులు కళకళలాడాయి. విచిత్రమేంటంటే, ఇంత పండించినా మంచి కౌంటు రొయ్య మన బజారుకు వచ్చేది తక్కువ. చెరువు గట్టునుంచే ఐసు పెట్టెల్లోకెక్కి, ప్రాసెసింగ్‌ ప్లాంట్ల మీదుగా ఓడెక్కేస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం చుట్టుపక్కల చెరువు గట్ల మీద కంగారు ఇంతా అంతా కాదు. కొనేవాడు ఒక్కడే అయితే ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసొచ్చింది. మన ఇళ్లలోనే ఇంకాస్త ఎక్కువ తింటే ఏం పోయిందన్న మాటా అప్పుడు గట్టిగానే వినిపించింది. నిజమే మరి. కోడి కొన్నంత తేలిగ్గా రొయ్య ఎందుకు కొనం? ఒలవడానికి బద్ధకం, అంతేగా!

కౌంటు అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క. 100 కౌంటు రొయ్య ఇగురుకు బాగుంటుంది గానీ పుల్లకు పనికిరాదు. నిప్పు తగలగానే ముడుచుకుపోయి గట్టిపడుతుంది. కాల్చడానికి 30 కౌంటు సరిపోతుంది. నలుగురికి కిలో తెస్తే తల, పొట్టు పోను అరకిలో పైచిలుకు మిగులుతుంది. తలలు నల్లబడినవి, మెడ దగ్గర వేలాడిపోతున్నవి తీసుకోవద్దు. ఇంటికి తెచ్చాక ముందు చేయాల్సిన పని తల తీసెయ్యడం. రొయ్యకు జీర్ణరసాలుండేది అక్కడే. తల అలాగే వదిలేస్తే అవి కండలోకి దిగి మెత్తబరుస్తాయి. వీపు మీద చాకుతో గీసి నల్ల నరం లాగేసి, తోక మాత్రం ఉంచేయండి. పట్టుకుని తినడానికి వీలుగా ఉంటుంది.

ఎండాకాలంలో ఐసు లేకుండా చేపల సంచీని స్కూటరుకు తగిలించుకుని ఇంకో రెండు పనులు చూసుకుని రావడం ఎంతమాత్రం మంచిది కాదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో పచ్చి చేపను, రొయ్యను గంటకు మించి బయట ఉంచకూడదు. బజారు పని అంతా అయ్యాక చివర్లో కొనడం, కొట్టువాణ్ని అడిగి గుప్పెడు ఐసు వేయించుకోవడం... ఈ రెండూ చేస్తే సగం భయం పోయినట్టే. గడ్డకట్టిన ప్యాకెట్టయితే ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో కింది అరలోకి మార్చాలి. వేడినీళ్లలో పడేస్తే పైన ఉడికి లోపల గడ్డగానే ఉంటుంది.

పులుపు ఎప్పుడు కలపాలి?

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. చికెన్‌కు పట్టించినట్టే రొయ్యలకూ మసాలా, నిమ్మరసం కలిపి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నానబెడతారు. ఎంత నానితే అంత రుచి అనుకుంటారు. రొయ్య కండ సున్నితం. పులుపు తగిలి పావుగంట, ఇరవై నిమిషాలు దాటితే నిప్పు లేకుండానే పైపొర ఉడికినట్టు తెల్లబడుతుంది. ఆ తర్వాత కాలిస్తే పిండి నమిలినట్టుంటుంది. కబాబులకు వాడే పచ్చి బొప్పాయి ముద్ద అయితే అసలు దగ్గరికి రానివ్వొద్దు. మేక మాంసాన్ని మెత్తబరిచే ఆ గుణమే రొయ్యను ముద్ద చేసేస్తుంది.

అందుకని రెండు విడతలుగా పట్టించాలి. ముందుగా రెండు చెంచాల కారం, అర చెంచా పసుపు, చెంచా ఉప్పు, చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద, చెంచా ధనియాల పొడి, అర చెంచా మిరియాల పొడి, సన్నగా తరిగిన కరివేపాకు, రెండు చెంచాల నువ్వుల నూనె. ఇవన్నీ పట్టించి అరగంట ఫ్రిజ్‌లో పెట్టాలి. నిప్పులు రాజుకుంటుండగా అప్పుడు పులుపు కలపాలి. నిమ్మకాయ ఎప్పుడూ ఉండేదే. ఈ కాలంలో పుల్లని పచ్చి మామిడికాయ ఉండగా నిమ్మకాయ ఎందుకు? మామిడికాయ తురుమును మెత్తగా నూరి మూడు చెంచాలు కలిపి చూడండి. రొయ్యా మామిడికాయా కలిపి వండుకోవడం మనవాళ్లకు కొత్తేం కాదు. ఆ జోడీ నిప్పుల మీద ఇంకా బాగుంటుంది. పిల్లలకైతే కారం సగానికి తగ్గించి, విడిగా రెండు పుల్లలు చేస్తే సరి.

వంజరమో, పండుగొప్పో దొరికితే అంగుళంన్నర ముక్కలు కోయించండి. మెత్తటి చేపలు పుల్లకు నిలవవు, సగం నిప్పుల్లోకి జారిపోతాయి. ఇక ఫొటోల్లో కనబడినట్టు ఒకే పుల్లకు ఒక రొయ్య, ఒక చేప ముక్క, ఒక క్యాప్సికం, ఒక ఉల్లిపాయ గుచ్చడం చూడ్డానికే అందం. ఉల్లిపాయ ఉడికేసరికి రొయ్య రబ్బరైపోతుంది. దేని పుల్ల దానిదే.

వెదురు పుల్లల్ని అరగంట నీళ్లలో నానేస్తే త్వరగా కాలిపోవు. పాత సైకిలు చువ్వలు వాడేవాళ్లూ ఉన్నారు. వాటికి పైన లోహపు పూత ఉంటుంది కాబట్టి తిండికి వద్దు. రొయ్యను తోక దగ్గరొకసారి, తల వైపొకసారి గుచ్చాలి. పుల్లకు అయిదు చాలు. ఒకే పుల్ల అయితే తిప్పినప్పుడు రొయ్యలు గిర్రున తిరిగి మళ్లీ అదే వైపుకొస్తాయి. పక్కపక్కనే రెండు పుల్లలు గుచ్చితే ఆ బాధ ఉండదు.

కుంపటి లేకపోతే నాలుగు ఇటుకలు పేర్చి పైన ఇనుప జల్లెడ పెట్టుకున్నా చాలు. బొగ్గులు అంటించడానికి కిరోసిన్‌ వద్దు. ప్రమాదం సంగతి అటుంచి, ఆ వాసన రొయ్యకు పట్టేస్తుంది. ఎండిన కొబ్బరి పీచు రెండు గుప్పిళ్లు చాలు. కొబ్బరి చిప్పలు కలిపితే వేడి బాగా నిలుస్తుంది. మంట ఉండగా పెట్టొద్దు. మంట ఆరి, కణికల మీద బూడిద పొర కమ్ముకున్నాకే వంట. అన్నిటికన్నా ముఖ్యం... వాన చినుకు పడిందనో, దోమలనో బొగ్గుల కుంపటిని గదిలోకి, మూసిన బాల్కనీలోకి తేవొద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తలనొప్పి, మగత వచ్చేలోగానే ప్రాణం మీదికొస్తుంది. అపార్టుమెంటులో ఉండేవాళ్లు పొట్టి పుల్లలతో మందపాటి ఇనుప పెనం మీద కాల్చుకోవడమే మేలు. పొగ వాసన ఉండదు గానీ రుచికి లోటు రాదు.

ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. గడియారం కంటే రొయ్యే బాగా చెబుతుంది. దానిలో ఎర్రటి రంగు పదార్థం ఒక మాంసకృత్తుకు అతుక్కుని ఉండటం వల్ల పచ్చిగా ఉన్నప్పుడు బూడిద రంగులో కనిపిస్తుంది. వేడికి ఆ ముడి వీడి నారింజ రంగు బయటపడుతుంది. లోపల కండ గాజులా ఉన్నది పాలలా తెల్లబడి, రొయ్య కొడవలిలా వంగిందా, తీసేయొచ్చు. గుండ్రంగా సున్నా చుట్టేసిందంటే ఆలస్యమైనట్టే. చేప ముక్కయితే ఇంకో రెండు మూడు నిమిషాలు పడుతుంది. గుచ్చి చూస్తే రేకులుగా విడిపోవాలి.

పచ్చివి పెట్టిన పళ్లెంలోనే కాల్చినవి తిరిగి పెట్టకండి. గిన్నె అడుగున మిగిలిన మసాలానూ అలాగే పైన పూయొద్దు. ఇంట్లో ఎవరికైనా రొయ్య పడక దద్దుర్లు వచ్చే అలవాటుంటే వాళ్ల కోసం పనీర్‌ పుల్లలు ముందుగా కాల్చేసి పక్కన పెట్టండి. చిన్నపిల్లలకు పుల్ల తీసేసే వడ్డించాలి.

పప్పుచారన్నంలో నంజుకోవడానికి తలా ఒకటిన్నర పుల్ల వస్తుంది. పక్కన నిమ్మరసం పిండిన ఉల్లిపాయ చక్రాలు, కీర దోసకాయ ముక్కలు. చివర్లో పెరుగన్నమా అని పెద్దవాళ్లు నొసలు చిట్లించొచ్చు. చేప తిని పెరుగు తింటే తెల్లమచ్చలొస్తాయన్న మాటకు ఆధారం ఏమీ లేదు. బెంగాలీలైతే పెరుగులోనే చేప వండుకుంటారు!

అంతా తినేసరికి కుంపట్లో కణికలు ఇంకా ఎర్రగానే ఉంటాయి. రెండు నల్ల వంకాయలకు నూనె రాసి వాటి మీద పడేసి, కబుర్లు చెప్పుకుంటూ మధ్యమధ్య తిప్పండి. రేపటికి కాల్చిన వంకాయ పచ్చడి సిద్ధం.