తలారి మనవడి మాట

ఎమ్మిగనూరు బస్టాండులో మొన్న ఒక కుర్రాణ్ణి స్తంభానికి కట్టేశారు. ఫోన్ దొంగ. అనుమానం కాదు, ఫోన్ వాడి జేబులోనే దొరికింది. ఆదోని బస్సు కోసం నిలబడ్డ నేను చెయ్యెత్తలేదు, అడ్డమూ పోలేదు. "వదలొద్దప్పా, స్టేషన్‌కిస్తే సాయంత్రానికి బయటుంటాడు" అన్నాడు పక్కనున్న పెద్దాయన. కొట్టిపారేసే మాట కాదది. నా బండి పోయినప్పుడు ఫిర్యాదు రాసుకోవడానికే మూడుసార్లు తిప్పారు.

మా తాత తలారి, ఊరి కావలివాడు. 1800లో ఆదోనితో పాటు ఈ సీమంతా నిజాం చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి పోయాక కలెక్టర్ మన్రో పాలెగార్లను అణిచాడు, వాళ్ల కావలి పెత్తనం పోయింది. 1816లో మద్రాసు ప్రభుత్వం పదకొండో రెగ్యులేషన్ తెచ్చి ఊరి కావలిని మునసబు, తలారుల మీద పెట్టింది. దొంగను పట్టు, పైకి పంపు. అంతే. కళ్లంలో జొన్నలెత్తిన వాణ్ణి తాత చావడిలో కూర్చోబెడితే, వాడికి సంగటి మా అవ్వ పంపేదట. తాత దేవుడేం కాదు, ఒకటో రెండో వేసే ఉంటాడు.

చట్టాన్ని చేతిలోకి తీసుకునేవాణ్ణి ఇంగ్లీషులో 'విజిలాంటీ' అంటారు. ఆ మాట స్పానిష్ నుంచి వచ్చింది. అక్కడ దానర్థం కావలివాడనే. 1851లో శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారులు కావలి కమిటీ పెట్టుకుని నలుగురిని ఉరితీశారు. 1856లో మళ్లీ నలుగురిని. మన తలారికీ అదే గతి పట్టింది. ఊరు కాసేవాడి పేరే ఉరి తీసేవాడికీ పెట్టాం.

కళ్లముందు పెద్ద నేరం జరిగితే మామూలు మనిషీ పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పజెప్పాలి. నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెప్పేది ఇదే. ఆ ఆరు గంటలు మనకు ఎక్కువైపోయాయి. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులను పోలీసులే కాల్చేస్తే పూలు చల్లాం. ఆ కాల్పుల కథను, దానిపై విచారణ జరిపిన సిర్పూర్కర్ కమిషన్ నమ్మలేదు. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. ఆ కబురు 2022లో వచ్చేసరికి పూలు ఎప్పుడో వాడిపోయాయి.

పెద్దాయనతో ఇదంతా అందామనుకున్నాను. బస్సొచ్చింది, సీటు కోసం ఎక్కేశాను. ఆదోని చేరకముందే ఆ బస్టాండు వీడియో నా ఫోన్‌కొచ్చింది. కుర్రాడి వెనక వరుసలో, చంకలో సంచితో, నేనూ ఉన్నాను.