తీరిక వేళ: ఇటుక ముక్కల మగ్గం

పోయిన నెల యీ శీర్షిక క్రింద పాత గోడగడియారాలకు నూనె వేసే పద్ధతి వ్రాస్తే, ముగ్గురు నలుగురు సోదరులు నన్ను దారిలో ఆపి, "గడియారాలు యిప్పుడు యెవరింట వున్నాయండీ? పిల్లలకు పనికివచ్చేది యేదైనా వ్రాయరాదూ" అన్నారు. సరే, యీసారి పిల్లల సంగతే వ్రాస్తున్నాను. పెద్దవాళ్లు కూడా మధ్యలో జొరబడితే ఆ తప్పు నాది కాదు.

మా తోడల్లుడు పూనాలో వుంటాడు. ఆయన పిల్లలు పెద్దవాళ్లై కాలేజీలకు వెళ్లిపోయిన తరువాత, వాళ్లు చిన్ననాడు ఆడుకున్న ప్లాస్టిక్ ఇటుకలన్నీ వొక గోనెసంచిలో పోసి మా వాడికి పంపించాడు. లెగో అని పేరు వినే వుంటారు. డెన్మార్కు దేశంలో బిల్లుండ్ అనే చిన్న వూళ్లో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు. లెగో అనే మాట వాళ్ల భాషలో 'చక్కగా ఆడుకో' అనే మాటలనుండి వచ్చింది. పైన బొడిపెలు, లోపల గొట్టాలు వున్న నేటి ఇటుకకు 1958 జనవరి 28న పేటెంటు కోరారు. ఆనాటి ఇటుక తెచ్చి నేటి ఇటుకమీద నొక్కినా టక్కున అతుక్కుంటుంది. 1977లో పళ్ల చక్రాలు, ఇరుసులు, బెజ్జాలున్న ఇటుకలు, మోటారు చేర్చి పెద్దపిల్లలకని వేరే తరగతి తెచ్చారు. దానికే తరువాత టెక్నిక్ అని పేరు స్థిరపడింది. మా గోనెసంచిలో యివన్నీ కలగాపులగంగా వున్నవి, నకలు ముక్కలు కూడా కొన్ని వున్నవి. అసలుదీ నకలుదీ కంటికి వొకటే. వేలితో నొక్కితే తెలిసిపోతుంది.

మా వాడు యెనిమిదో తరగతి, మరాఠీ బడి. కదిలే వస్తువు యేదైనా చేసి తెమ్మన్నారట బడిలో. తక్కినవాళ్లు లారీ, క్రేను అంటూంటే వీడు మాగ్ చేస్తానన్నాడు. మన షోలాపూరు పేటలో పుట్టినవాడికి మగ్గం తప్ప యేం తోస్తుంది? పగలూ రాత్రీ చెవిలో ఆ టకటకే గదా. నేను మాత్రం, "లెక్కల్లో వచ్చిన మార్కులు చూసుకుని మాట్లాడు" అని కసిరాను. గుమాస్తా బుద్ధి.

గోనెసంచిలో వున్న మోటారు పనిచేయలేదు. అంచేత వాడు బజారులో పసుపుపచ్చని బివో మోటారు కొన్నాడు. పిల్లల బొమ్మకార్లకు వేసేది, చాలా చవుక. దానిలోపలే పళ్ల చక్రాలు వుండి, మోటారు 48 సార్లు తిరిగితే బయటి ఇరుసు వొకసారి తిరుగుతుంది. నాలుగు పెన్సిలు సెల్లులు, అంటే 6 వోల్టులు యిస్తే నిమిషానికి సుమారు 200 చుట్లు. దాని ఇరుసు చదునుగా వుంటుంది, లెగో ఇరుసు కూడిక గుర్తు ఆకారంలో వుంటుంది. రెండూ కలవవు. మా వాడు స్కూటరు పెట్రోలు గొట్టం ముక్క కోసి రెంటినీ రెండు వైపుల నుంచి దూర్చి, సన్నని తీగతో బిగించాడు. యీ వుపాయం వాడిదే. నాకు ముచ్చట వేసింది గాని పైకి అనలేదు.

మొదటిరోజు మోటారును తిన్నగా మగ్గం పెద్ద ఇరుసుకు తగిలించి మీట నొక్కాడు. వొక్క క్షణం గిర్రున తిరిగి, యెదుట గోడదాకా ఇటుకలు యెగిరినవి. మా ఆవిడ పప్పుగిన్నెలో వొకటి దొరికింది.

ఇక్కడ చదువరులు వొక సంగతి గమనించాలి. మోటారుకు వేగం యెక్కువ, బలం తక్కువ. వేగాన్ని యిచ్చి బలాన్ని కొనుక్కోవాలి. ఆ బేరం పళ్ల చక్రాల ద్వారా జరుగుతుంది. 8 పళ్ల చక్రం 24 పళ్ల చక్రాన్ని తిప్పితే వేగం మూడోవంతు, బలం సుమారు మూడింతలు. కొంత రాపిడి తింటుంది. అదే ఇంకొకసారి చేస్తే తొమ్మిదోవంతు. 200 చుట్లు లెక్క ప్రకారం 22 అవుతవి. నిమిషానికి 22 అంటే చేత్తో నాడె విసరడానికి తీరిక దొరుకుతుంది. బరువు తగిలి ఇరుసు నిలిచిపోయిందా, వెంటనే మీట ఆపాలి. తిరగకుండా నిలిచిన మోటారే సెల్లులను అన్నిటికన్న యెక్కువ తాగుతుంది, వేడెక్కి మాడుతుంది కూడా. ఇరుసు బెజ్జంలో తేలికగా తిరగకపోతే గోడలు వంకరగా కట్టినట్లు లెక్క. మోటారు పెట్టకముందే వేలితో తిప్పి చూసుకోండి.

మగ్గం మొత్తం యిలా కట్టాడు. పన్నెకు విరిగిన దువ్వెన ముక్క. పడుగు దారాలను పైకెత్తే చట్రాలు రెండు, వాటికి ముడులు వేసిన దారపు ఉచ్చులు. పడుగుకు మా ఆవిడ వూలు. బట్ట చుట్టే దోనెకు మరచుట్టు చక్రం వేశాడు. అది 24 సార్లు తిరిగితే 24 పళ్ల చక్రం వొకసారి తిరుగుతుంది, వెనక్కి మాత్రం లాగినా తిరగదు, కనుక నేసిన బట్ట జారిపోదు. పై ఇరుసు పన్నెను ముందుకూ వెనక్కూ ఆడిస్తుంది. క్రింది ఇరుసు చట్రాలను యెత్తి దించుతుంది. పై ఇరుసునుండి క్రింది ఇరుసుకు 8 పళ్లు, 24 పళ్లు. అన్నీ తిరిగినవి. వాడు చేత్తో నాడె అటూ యిటూ విసిరి జానెడు బట్ట నేశాడు కూడా. కాని అది బట్టలాగా లేదు. యేదో వొకటి తప్పు. వాడికీ తెలియలేదు, నాకు అసలే తెలియదు.

మా నాయన మిల్లులో ముప్పైయేళ్లు జాబరు పని చేశాడు. ఆ మిల్లు మూతపడ్డ తరువాత కొన్నాళ్లు పవర్లూము షెడ్లలో తిరిగాడు. తరువాత చూపు మందగించి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చున్నప్పటినుంచీ ఆయన నోట మగ్గం మాట నేను వినలేదు. అడిగినా, "వున్నప్పుడు వుండె, పోయింది" అనేవాడు. నాకు ఆ పని నేర్పలేదు. మెట్రిక్ చదివించి బల్లముందు కూర్చోబెట్టాడు. అందుకు నేను యేనాడూ విచారించలేదు, నిజం చెప్పాలంటే సంతోషించాను. మా యిద్దరికీ మాట్లాడుకోవడానికి కరెంటు బిల్లు, మందులు, వేళకు భోజనం, యింతే.

ఆ సాయంత్రం వాడు విసుగుతో ఆ జానెడు బట్టను మంచంమీద పారేశాడు. అది మా నాయన ప్రక్కన పడ్డది. ఆయన దాన్ని తీసుకుని బొటనవేలు, చూపుడువేలు మధ్య రుద్దుకుంటూ చాలాసేపు వూరుకున్నాడు. తరువాత అన్నాడు:

"రెండు జత, వొకటి వొంటరి. మల్ల రెండు జత. కింది ఇరుసు ఎన్ని చుట్లకు వొకసారి తిరుగుతున్నదిరా?"

"మూడు చుట్లకు వొకసారి, తాతా."

"గదే మరి. రెండు చుట్లకు వొకసారి తిరగాలె."

చూడండి, సంగతి యెంత తేలికో. సాదా నేతలో పోగు వొకటి పైన, వొకటి క్రింద. పై ఇరుసు వొక చుట్టు తిరిగితే పేక వొక పోగు పడుతుంది. క్రింది ఇరుసు వొక చుట్టులో రెండు చట్రాలూ వొక్కొక్కసారి లేవాలి. అంటే పై ఇరుసు రెండు చుట్లకు క్రిందిది వొక చుట్టు. పవర్లూములోనూ యింతే, వొక చక్రానికి యెన్ని పళ్లుంటే రెండో చక్రానికి దానికి రెట్టింపు వుంటవి. మా వాడు మూడుకు వొకటి పెట్టాడు కనుక చట్రాలు చుట్టున్నరకు వొకసారి మారినవి. ఆ చుట్టున్నరలో వొకసారి పేక రెండు పోగులు వొకే సందులో పడినవి, రెండోసారి వొక్కటే పడింది. కంటికి సరిగా ఆనని మనిషి దాన్ని వేళ్లతో చదివాడు.

"అయితే 8కి 16 పెడతాను" అన్నాడు వాడు. పెట్టబోతే పట్టలేదు! ఇటుక కొలతలన్నీ 8 మిల్లీమీటర్ల గడుల్లో వుంటవి. 8, 24 పళ్ల చక్రాల ఇరుసుల మధ్య 16 మిల్లీమీటర్లు కావాలి, అంటే రెండు గడులు. 8, 40 అయితే మూడు గడులు. 24, 40 అయితే నాలుగు. అన్నీ బెజ్జాలకు సరిపోతవి. 8కి 16 మాత్రం 12 మిల్లీమీటర్లు, గడి మీద అరగడి. సరిగా మగ్గానికి కావలసిన లెక్కే ఆ బెజ్జాలలో లేదు. మూడింతలు దొరుకుతుంది, అయిదింతలు దొరుకుతుంది, రెండింతలకు దారి లేదు.

మా వాడు వొక గడి ప్రక్కకు, వొక ఇటుక పైకి, ఐమూలగా పెట్టి చూశాడు. ఇటుక యెత్తు 9.6 మిల్లీమీటర్లు. పైథాగరసు లెక్క వేస్తే ఐమూల దూరం పన్నెండున్నర వస్తుంది. పళ్లు పట్టుకున్నవి గాని అర మిల్లీమీటరు వదులు. పన్నె గట్టిగా కొట్టినప్పుడల్లా పన్ను జారి లెక్క తప్పింది. మా నాయన దగ్గరగా చెవి పెట్టి విని, "పళ్లు కొరుకుతున్నయి, తియ్యి" అన్నాడు.

దీనికి మందు వొక చిన్న ఇటుకలో వున్నది. మామూలు బెజ్జాల ఇటుకలో బెజ్జం రెండు బొడిపెల మధ్య వుంటుంది. రెండు బొడిపెల పొడవున్న వొక రకం ఇటుకలో మాత్రం రెండు బెజ్జాలు, సరిగా బొడిపెల క్రింద వుంటవి. మామూలు ఇటుక ప్రక్కన దాన్ని కూర్చితే బెజ్జం అరగడి జరుగుతుంది. గోనెసంచి అంతా పక్కమీద కుమ్మరించి గాలిస్తే అటువంటిది వొక్కటే దొరికింది. మగ్గానికి రెండు గోడలు. రెండు కావాలి.

ఖర్చు దండగ అని మొదటినుంచీ సణిగినవాణ్ణి నేనే. ఆ ఆదివారం పాత సామాన్ల బజారులో ప్లాస్టిక్ బొమ్మల గుట్టల ముందు గొంతుక్కూర్చుని, బొడిపెల క్రింద బెజ్జాలున్న ఇటుక కోసం రెండు గంటలు వెతికినవాణ్ణీ నేనే. దుకాణదారు నన్ను పిచ్చివాడనుకున్నాడు కాబోలు. మూడు దొరికినవి. మూడూ కొన్నాను. వొకటి నకలుది, వదులు. రెండు అసలువే.

మేము ఇంటికి వచ్చేసరికి మా నాయన తన రేకుపెట్టె తెరిచి కూర్చున్నాడు. అందులోంచి పన్నెలో దారం లాగే సన్నని రేకు కొక్కెం తీశాడు. దాని పిడి ఆయన బొటనవేలు ఆనేచోట అరిగి గుంట పడింది. అది ఇంట్లో వున్నదని నాకు తెలియదు. దువ్వెన పళ్లలోంచి వూలు దారాలు వొక్కొక్కటే వేళ్లతో తడుముకుంటూ లాగాడు. ప్రక్కన వాడు దారం అందిస్తూ "ఇది పన్నె, ఇది కండె, ధోటాను నాడె అంటారు" అని తనలో తాను చదువుకున్నాడు. "పడుగు పొడుగున, పేక అడ్డంగా" అని ఆయన అందించాడు. వాడి మరాఠీ బడి పుస్తకం చివరి పేజీలో యీ మాటలన్నీ తెలుగు అక్షరాలలో వున్నవి. అక్షరాలు వంకరగా వున్నా దిద్దలేదు.

ఇరుసుల సంగతి తీరిన తరువాత ఇంకొక మరమ్మతు కూడా మా నాయనే చెప్పాడు. నాడె పడుగు మధ్యలో చిక్కినప్పుడు పన్నె వచ్చి కొడితే దారాలన్నీ తెగుతవి. అందుకని కొన్ని పవర్లూములలో నాడె అడ్డు తగిలితే పన్నె వెనక్కి వాలిపోయేటట్లు అమరిక వుంటుందట. లెగోలో దానికి సాటిగా నడుము జారే 24 పళ్ల చక్రం వొకటి వున్నది. బరువు మించితే పళ్లు తిరుగుతవి గాని ఇరుసు నిలిచిపోతుంది, మోటారు మాడదు. సంచిలో వొకటి వుంటే వేశాము. వేలు అడ్డం పెట్టి చూశాను, వేలికి యేమీ కాలేదు.

రెండో బట్ట నాలుగు వేళ్ల వెడల్పు, మూరెడు పొడుగు. మా నాయన అంచు మొదటినుండి చివరిదాకా వేళ్లమధ్య లాగి చూసి, "అంచు లోపలికి గుంజుతున్నవు, నాడె విసిరినంక దారం కొంచెం వదులు" అన్నాడు. బాగున్నదని అనలేదు. మిల్లులో కూడా యెవరినీ మెచ్చుకునేవాడు కాదని మా అమ్మ అంటుంది.

బడిలో చూపించడం అయిపోయింది. చూసిన పిల్లలు, "నాడె కూడా మోటారే విసరవద్దా?" అని అడిగారట. వాడికి అది పట్టుకుంది. నాడె విసరడం అంటే మెల్లగా తోయడం కాదు, వొక్క దెబ్బ. ఆ దెబ్బకు బొడిపెల ఇటుకలు విడిపోతవి. రబ్బరు పట్టీతో రెండుసార్లు ప్రయత్నించాడు, రెండుసార్లూ గోడ వూడింది. మగ్గంలో నాడెను కొట్టే కర్రకు తోలుపట్టీ వుంటుందట, దెబ్బ దానిమీద సాగి మెత్తబడుతుందట. నిన్న ఆఫీసునుండి వచ్చేసరికి గుమ్మంలో నా పాత చెప్పు వొకటి పట్టీ లేకుండా పడివున్నది. లోపల తాతా మనుమడూ మాట్లాడుకుంటున్నారు, నన్ను చూసి ఆపారు. అది నిలిచిందో లేదో వచ్చే నెల వ్రాస్తాను.