హైస్కూలు గడప

వేసవి సెలవులు ముగియుచున్నవి. జూను 12వ తేదీ ప్రాంతమున పల్నాటి పాఠశాలలు మరల తెరవబడును. అయిదవ తరగతి ముగించి ఆఱవ తరగతిలో చేరనున్న పదునొకండేండ్ల బాలబాలికలకు ఏ బడి మంచిది, ఏ బస్సు సమీపమున నాగును, ఫీజెంత యను విచారము ఇంటింట సాగుచున్నది. ఆ బడి గడప దాటిన బిడ్డ మనస్సునం దేమి జరుగునో విచారించువారు మాత్రము అరుదు. ఈ విషయమును గూర్చి నేడు మా పాఠకులతో కొంచెము ముచ్చటింపదలచితిమి.

పల్లెలోని ప్రాథమిక పాఠశాలను తలచుకొనుడు. ఉపాధ్యాయు లొక్కరో ఇద్దరో. వారికి బిడ్డ పేరే కాదు, తండ్రి పేరును, ఇల్లును తెలియును. బిడ్డ రెండు దినములు రానిచో ఇంటికి కబురు వచ్చును. అట్టి బడినుండి వచ్చినవాడు హైస్కూలున కాలిడగానే గంటగంటకును ఒక క్రొత్త ఉపాధ్యాయుడు వచ్చి పోవుచుండును. ఒక్కొక్కరి కొక్కొక్క నోటు పుస్తకము, ఒక్కొక్క ఇంటిపని, ఒక్కొక్క స్వభావము. హిందీ అక్షరము లప్పుడే మొదలగును. గణితమున అంకెలుండవలసిన చోట అక్షరములు వచ్చి కూర్చుండును. 2020-21 నుండి వచ్చిన పాఠ్యపుస్తకములలో ఒక పుట తెలుగు, ఎదుటి పుట ఇంగ్లీషు. బిడ్డ తెలుగు పుటలో గ్రహించి ఇంగ్లీషు పుటలో జవాబు వ్రాయవలెను. ఈ రెండు పుటల నడుమనే పల్లె పిల్లవాడు తప్పిపోవుచున్నాడు. వానికి తెలివి లేక కాదు. తెలిసినదానిని చెప్పుటకు మాట లేక ఊరకున్నవానిని మందమతి యని వ్రాసికొనుట మన బడులలో మిక్కిలి సులభముగా జరుగుచున్నది.

అర్థము కాలేదని చెప్పవచ్చును గదా యందురు. ఎవరికి చెప్పును? నలువది మందిలో లేచి నిలుచుండి అడిగినచో నవ్వుదురేమో యను భయము పెద్దలకే యుండగా, పదునొకండేండ్ల వానికుండుట వింతగాదు. పైగా పల్నాటి సీమ వీరుల సీమ. ఊయలనుండియు బాలచంద్రుని శౌర్యము వినుచు పెరిగిన పిల్లవాడు తన కేదో చేతగాలేదని చెప్పుట పిరికితన మనుకొనును. ఇంటికి వచ్చి, బాగున్నదని చెప్పి, సంచి మూల పారవైచి ఊరకుండును. తల్లిదండ్రులు నెమ్మదిగా నున్నాడని సంతోషింతురు.

చదువుకంటె సహవాసము మఱింత కఠినమైన పరీక్ష. నాలుగూళ్ళ పిల్లలు చేరుచోట మొదటి ప్రశ్న మీదే యూరని, రెండవ ప్రశ్న మీరెవరని. ఈ రెండవ ప్రశ్న కర్థ మందరకును తెలిసినదే. 1895లో వినుకొండలో జన్మించిన గుఱ్ఱము జాషువ మహాకవి బాల్యమున బడిలో ననుభవించిన అవమానము నెఱుగని తెలుగువాడు లేడు. అంటరానితనము చట్టముచే నిషిద్ధమై డెబ్బదియైదేండ్లు దాటినది. ఐనను బెంచీమీద ఎవరి ప్రక్కన నెవరు కూర్చుండిరో చూచిన చాలును, చట్టము బెంచీ వఱకు రాలేదని తెలియును. ఇక గ్రామములలోని పార్టీ లున్నవి. 2024 మే 13వ తేదీన పోలింగు జరిగిన తోడనే నరసరావుపేట, మాచర్ల ప్రాంతములలో చెలరేగిన అల్లరులును, జిల్లాలో విధింపబడిన 144వ సెక్షనును మా పాఠకులు మఱచి యుండరు. నెల తిరుగగానే బడులు తెరవబడినవి. ఆ యూళ్ళ రెండు పక్షముల బిడ్డలును అదే జూనులో ఒకే తరగతి గదిలో ప్రవేశింపవలసి వచ్చెను. పెద్దల పగ మోయుట ఏ పాఠ్యప్రణాళికలోను లేదు గాని, మన పిల్లలకు మొదట వచ్చు పాఠ మదియే యగుచున్నది. బ్రహ్మనాయుడు మాచర్లలో సర్వకులములవారిని ఒక చాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించెనని మనము గర్వముతో చెప్పుకొనుచున్నాము. నేటి మధ్యాహ్న భోజనపు పంక్తి ఆ చాపయే. దానిపై ఆఱవ తరగతివా రెట్లు కూర్చుండుచున్నారో ఊరి పెద్దలు ఒక దినము వెళ్ళి చూచివచ్చిన బాగుండును.

బాలికల కష్టము వేఱు. 2025 ఆగస్టు 15 నుండి ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము లభించినది, సంతోషము. కాని బడి వేళకు బస్సే రాని యూరిలో టిక్కెట్టు లేకుండుట వలన లాభమేమి? మరుగుదొడ్డి శుభ్రముగా లేని బడిలో ఆ వయస్సు ఆడుపిల్ల నెలకు నాలుగు దినములు మానును. మిరపకోతలు వచ్చినపుడు తమ్ముని కాపలాకై మఱికొన్ని దినములు మానును. మానిన పాఠము మరల చెప్పువారు లేక, పెండ్లి మాట ఇంటిలో మొదలగును. బాల్యవివాహ నిషేధ చట్టము 2006లో వచ్చినదని ఆ యింటివారికి మేము చెప్పవచ్చును. అంతకుముందే బడివారు ఒక కబురు పంపియున్నచో మా చట్టముతో పనియే లేకపోవును.

ఇది మన సీమకే చెందిన వ్యాధి కాదు. అమెరికాలోని మిల్వాకీ నగరమున సిమన్సు, బ్లైత్ అను పరిశోధకులు కొందఱు పిల్లలను ఏండ్ల తరబడి పరిశీలించి 1987లో గ్రంథము ప్రకటించిరి. ఏడవ తరగతికి పెద్ద బడికి మారిన బాలికలలో ఆత్మగౌరవము తగ్గెను. అదే వయస్సున పాత బడిలోనే యున్న బాలికలలో అట్లు తగ్గలేదు. అనగా లోపము వయస్సున లేదు, మార్పిడిలో నున్నది. మన ప్రభుత్వములు ఈ విషయము నాలోచించినట్లు కానరాదు. 2022లో 117వ నెంబరు ఉత్తర్వు ననుసరించి కిలోమీటరులోపలనున్న బడుల 3, 4, 5 తరగతుల బిడ్డలను హైస్కూళ్ళకు పంపిరి. 2025లో ఆ పద్ధతిని రద్దుపఱచిరి. ఎనిమిదేండ్ల పసివానిని గడప దాటింపుమనుటయు, మరల వెనుకకు రమ్మనుటయు కాగితముమీద ఒక్క సంతకముతో ముగియును. బిడ్డకు రెండు మారులు బడి మారినది.

పట్టణములలోని చదువరులైన మా సోదరుల సంగతియు చెప్పక తప్పదు. ఆఱవ తరగతి బిడ్డకు ఐ.ఐ.టి. పునాది యట! తెల్లవారకముందే లేపి, రాత్రి తొమ్మిదింటి వఱకు చదివించి, వారమువారము మార్కులు గోడ కంటించి, ఆ మార్కులనుబట్టి సెక్షనులు మార్చు ప్రైవేటు హాస్టళ్ళకు పదునొకండేండ్ల వానిని అప్పగించి, నెల కొకసారి పండ్లు తీసికొనిపోయి చూచివచ్చుట వాత్సల్య మనిపించుకొనుచున్నది. ఇల్లు కట్టువాడు పునాది యారకముందే మేడ లేపడు.

చేయదగిన దేమని యడుగుదురు. వ్యయములేని పని యొకటి కలదు. అమెరికాలోనే మాడిసన్ నగరమున 11 బడులలో 1,300 మందికి పైగా ఆఱవ తరగతి పిల్లలపై జరిగిన పరీక్ష 2019లో ప్రకటింపబడినది. తమకంటె ముందు ఆ బడికి వచ్చినవారు తామును మొదట భయపడితిమనియు, పిదప ఆ భయము పోయెననియు, ఉపాధ్యాయులు సాయపడిరనియు చెప్పిన మాటలను క్రొత్తవారిచే చదివించి, వారి మనస్సులోనిది వారిచే వ్రాయించిరి. ఏడాదిలో రెండు మారులు, కొద్ది నిమిషముల పని. దానితో తప్పినవారు తగ్గిరి, గైర్హాజరు తగ్గెను, తగవులు తగ్గెను. గురజాలలోనో మాచర్లలోనో ఏడవ తరగతివారు వచ్చెడి జూనులో ఆఱవ తరగతివారికి తలా యొక ఉత్తరము తెలుగున వ్రాయుటకు ఏ ప్రభుత్వ ఉత్తర్వు కావలెను?

ఉపాధ్యాయులకు రెండు మనవులు. మొదటి నెలలో క్రొత్తవారికి పరీక్షలు పెట్టకుడు. తెలుగులో చెప్పిన సరియైన జవాబును సరియైనదిగానే గ్రహింపుడు. కొట్టుటయేకాక మనస్సు నొప్పించుటయు 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను క్రింద నిషిద్ధమని న్యాయవాదులమైన మేము జ్ఞాపకము చేయుచున్నాము. తల్లిదండ్రులకు ఒక మనవి. 2024 డిసెంబరు 7న, 2025 జూలై 10న రాష్ట్రమంతట బడులలో తల్లిదండ్రుల సమావేశములు జరిగినవి. అట్టి సమావేశమునకు పోయినపుడు మార్కుల మాటకు ముందు మీ బిడ్డ మధ్యాహ్నము ఎవరితో కూర్చుండి తినుచున్నాడో యడుగుడు. ఎవరును చెప్పలేకపోయిన, మఱునాడు మరల పోయి యడుగుడు.

పఠనమందిరముల కార్యకర్తలు సాయంకాలమున ఒక గంట తమ గదిని ఆఱవ తరగతి పిల్లలకు విడిచి, హిందీ అక్షరములును ఇంగ్లీషు మాటలును నేర్పదలచినచో, నేర్పుటకు వచ్చు యువకులను సమకూర్చుటకు మేము సిద్ధముగా నున్నాము. జూను 12కు ముందే మాకు వ్రాయవలెను.