జమాఖర్చు: గీత దాటిన నూనె

పోయిన సంచికలో బ్యాంకు ఖాతాలకు నామినీల గురించి రాశాను. ఈసారి కాగితాలు పక్కన పెట్టి కారు బానెట్ ఎత్తుతున్నాను. బి.కాం. చదివిన మనిషికి ఇంజనుతో ఏం పని అని మా ఇంటావిడ అడగనే అడిగింది. ఆవిడ అడిగిన దాంట్లో న్యాయముందని ఒప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మా బళ్ళారి దుమ్ము సంగతి ఈ పక్క పాఠకులకు చెప్పనక్కర్లేదు. 2011లో సుప్రీంకోర్టు గనుల తవ్వకం ఆపించింది. తరువాత షరతుల మీద అవి మళ్ళీ తెరుచుకున్నాయి. సండూరు వైపు వెళ్ళి వస్తే తెల్ల చొక్కా ఎర్రబడుతుంది. మనం పీల్చే గాలినే కారూ పీలుస్తుంది. దాని ముక్కుకు కట్టిన గుడ్డే ఎయిర్ ఫిల్టరు.

మామూలుగా అది కాగితంతో చేసినది. మురికిపడితే పారేసి కొత్తది వేస్తాం. కిందటేడు బెంగళూరు నుంచి మా అబ్బాయి కడిగి వాడుకునే ఫిల్టరు తెచ్చి మా డీజిల్ కారుకు బిగించాడు. లోహపు వల మధ్య నూలు గుడ్డ, చీర కుచ్చెళ్ళలాగా మడతలు, దానికి ఎర్రటి జిగురు నూనె. దారాల సందులు దుమ్ము రేణువు కంటే పెద్దవే. నూనె తడి ఉండబట్టే రేణువు అంటుకుంటుంది.

ఈ మధ్య ఒక ఆదివారం దాన్ని నేనే కడిగాను. కడగడం బాగానే కడిగాను. నూనె దగ్గరే తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బ్రాంచి జీపుకు నూనె గిన్నె ఉన్న ఫిల్టరు ఉండేది. డ్రైవరు అందులో నూనె పోయడం చూసినవాణ్ణి కనుక, ఎంత నూనె ఉంటే అంత మంచిదనుకున్నాను. సీసా దాదాపు ఖాళీ చేశాను.

నాలుగో రోజు గుంతకల్లులో మా అక్క మనుమరాలి నామకరణం. ఊరు దాటీ దాటగానే ఇంజను దీపం వెలిగింది. బండి లాగడం మానేసింది. తిరిగొచ్చి బస్సు పట్టుకుని వెళ్ళేసరికి పేరు పెట్టడం, భోజనాలు అన్నీ అయిపోయాయి. అక్క పైకి ఏమీ అనలేదు. ఆ కోపమంతా ఫోనులో అబ్బాయి మీద చూపించాను. "నీ అమెరికా ఫిల్టరు వల్లే ఇదంతా" అన్నాను. వాడు మాట్లాడలేదు.

మర్నాడు మెకానిక్ కుర్రాడు ఫిల్టరు పట్టి చూసి, "నూనె జాస్తి అయింది సార్" అన్నాడు. ఇంజనులోకి ఎంత గాలి వెళుతోందో కొలిచే సన్నటి సెన్సారు ఆ దారిలోనే ఉంటుందట. ఎక్కువైన నూనె ఎగిరి దానికి పూతలా పట్టి, కంప్యూటరుకు తప్పుడు లెక్క అందింది. సెన్సారుకని దొరికే స్ప్రేతో, చెయ్యి తగలకుండా శుభ్రం చేశాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ జీపు గిన్నెకు ఒక గీత ఉండేది. "గీత దాటకూడదు సార్" అని డ్రైవరు చెప్పేవాడు కూడా.

ఇలాంటి ఫిల్టరు ఉన్నవారికి సరైన పద్ధతి ఇది. ఇంజను చల్లారాక ఫిల్టరు తీయండి. పెట్టె లోపల తడిగుడ్డతో తుడవండి. దుమ్ము ఇంజను గొట్టంలో పడనివ్వకండి. ఫిల్టరు మెల్లగా తట్టి, దానికోసం అమ్మే ద్రావణం రెండువైపులా చల్లి పది నిమిషాలు ఉంచండి. పెట్రోలు, కిరోసిన్ వాడవద్దు. సన్నటి నీటిధారతో, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు కడగండి. వచ్చిన దారినే దుమ్ము పోవాలి. నీడలో దానంతటదే ఆరాలి. గాలి పంపు, హెయిర్ డ్రయ్యరు పనికిరావు. బాగా ఆరాక ఒక్కో మడత వెంట సన్నగా ఒక్క గీత నూనె చాలు. ఇరవై నిమిషాలు ఆగి, ఎక్కడైనా తెల్లగా కనబడితే అక్కడ మాత్రం ఒక చుక్క. ఇంజను ఆయిలు ఇందుకు పనికిరాదు.

ఇక జమాఖర్చు. ఫిల్టరు ఆరు వేలు, కడిగే సరంజామా పదహారు వందలు. కాగితం ఫిల్టరు నాలుగు వందలు. అంటే పందొమ్మిది కాగితం ఫిల్టర్ల డబ్బు. పది వేల కిలోమీటర్లకు ఒకటి మార్చినా, ఖర్చు తిరిగి రావాలంటే లక్షా తొంభై వేల కిలోమీటర్లు తిరగాలి. అంతదాకా ఈ కారు ఉండదు. దుమ్ము ఊళ్ళో కాగితం ఫిల్టరుకే నా ఓటు. కొడుకు తెచ్చాడు కనుక మాది మాత్రం అలాగే ఉంది.

మెకానిక్ మాట విన్న రోజు రాత్రే అబ్బాయికి ఫోను చేసి, తప్పు నాదేనన్నాను. నలభై ఎంట్రీలు తప్పు వేసినా ఇంత కష్టమనిపించలేదు. వాడు నవ్వి, "పోనీ నాన్నా, ఈసారి నేనొచ్చాకే కడుగుదాం" అన్నాడు. పండుగకు వస్తున్నాడు. ముందు గుంతకల్లు వెళ్ళి పాపను చూసి రావాలి. నూనె సీసా మాత్రం మా ఇంటావిడ దాచేసింది.