గ్రేడ్ వన్ అంటే ఏమీ లేదని కాదు

మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఏ ఐటీ కంపెనీలోనైనా వార్షిక హెల్త్ చెకప్ ముగిశాక వినిపించే మాట ఒకటుంది: "గ్రేడ్ వన్ ఫ్యాటీ లివర్ అని వచ్చింది. అందరికీ ఉంటుందిలే అన్నారు." రిపోర్టు చూసిన డాక్టరు కూడా చాలాసార్లు అంతే చెప్పి పంపిస్తారు. నూనె తగ్గించండి, రోజూ కాస్త నడవండి, వచ్చే ఏడాది మళ్లీ చూద్దాం. వచ్చే ఏడాదీ అదే పీడీఎఫ్, అదే గ్రేడ్ వన్, అదే సలహా. "నేను మందే ముట్టను, నాకెందుకు వస్తుంది?" అని అడిగే వాళ్లకు సరైన జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

'అందరికీ' అన్న ఆ మాటకు ఇప్పుడొక లెక్క ఉంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు, అదే గచ్చిబౌలిలోని ఏఐజీ ఆస్పత్రి వైద్యులు కలిసి నగరంలోని ఐటీ ఉద్యోగులను పరీక్షించారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుందని, 71 శాతం మందికి ఊబకాయం ఉందని, 34 శాతం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట, బీపీ, షుగరు, రక్తంలో కొవ్వులు కలిసి గాడి తప్పడం) ఉందని 2025లో 'సైంటిఫిక్ రిపోర్ట్స్' పత్రికలో ప్రచురించారు. కేంద్ర ఆరోగ్య మంత్రి జె.పి. నడ్డా లోక్‌సభలో ఈ అధ్యయనాన్ని ప్రస్తావించారు. వాళ్లు చూసింది 345 మందిని. లక్షల మంది పనిచేసే కారిడార్‌కు ఆ 84ను ఉన్నదున్నట్టు అంటగట్టడం నాకు ఇష్టం లేదు. కానీ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2023లో ఇక్కడి ఐటీ ఉద్యోగులను చూసినప్పుడు కూడా, ముప్పై ఏళ్ల చుట్టుపక్కల వయసులోనే దాదాపు సగం మందికి మెటబాలిక్ సిండ్రోమ్ కనిపించింది. రెండు లెక్కలూ ఒకే వైపు చూపిస్తున్నాయి.

నన్ను కలవరపెట్టేది 84 అన్న అంకె కాదు, 'అందరికీ ఉంటుందిలే' అన్న నిశ్చింత. పదిమందికీ వచ్చినంత మాత్రాన జబ్బు చిన్నదైపోదు. ఇరవై ఏళ్లుగా జరిగిన పరిశోధన ఈ జబ్బు ఎలా పుడుతుందో, ఎవరిలో ముదురుతుందో, దేనికి లొంగుతుందో చాలావరకు తేల్చింది. అందులో పదో వంతు కూడా మన చెకప్ రిపోర్టుల్లోకి రాలేదు.

హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైంది. ఆ ఏడాది ఇరవై రెండేళ్ల వయసులో అక్కడ సీట్లో కూర్చున్నవాళ్లు ఇప్పుడు యాభైకి దగ్గరపడ్డారు. కాలేయం గట్టిపడటాన్ని, అంటే ఫైబ్రోసిస్‌ను, సున్నా నుంచి నాలుగు దాకా దశలుగా కొలుస్తారు. నాలుగోది సిరోసిస్. కొవ్వు మాత్రమే ఉన్నవాళ్లలో ఒక దశ ముదరడానికి సగటున 14 ఏళ్లు, కొవ్వుతో పాటు వాపు కూడా ఉన్నవాళ్లలో 7 ఏళ్లు పడుతుందని 2015లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. హైటెక్ సిటీ తొలి తరం వయసునూ, ఈ లెక్కనూ పక్కపక్కన పెట్టి చూస్తే పరీక్షలు ఇంకా వాయిదా వేసే సమయం కాదిది. ఈ జబ్బు అందరిలోనూ ముదరదు. చాలామందికి కొవ్వు దగ్గరే ఆగిపోతుంది. ఎవరికి ఆగదో మాత్రం అల్ట్రాసౌండ్‌లో రాసే గ్రేడ్ చెప్పదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గ్రేడ్ అంటే జబ్బు దశ అనుకుంటారు. స్కానింగ్‌లో కాలేయం ఎంత తెల్లగా మెరుస్తోంది, అంటే ఎంత కొవ్వు ఉంది, అన్నదే గ్రేడ్. లోపల మచ్చకట్టిందా లేదా అన్నది వేరే సంగతి. ఈ రోగులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పాయి: కాలేయానికి సంబంధించినంతవరకు ఆయుష్షును నిర్ణయించేది కొవ్వు పరిమాణం కాదు, ఫైబ్రోసిస్ దశ. గ్రేడ్ వన్ ఉన్న మనిషికి లోపల మూడో దశ ఫైబ్రోసిస్ ఉండొచ్చు. గ్రేడ్ త్రీ ఉన్న మనిషికి అసలే లేకపోవచ్చు. రక్తపరీక్షలో కాలేయ ఎంజైము ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉంది కదా అని ధీమా పడటానికీ లేదు. ఈ జబ్బు ఉన్న ఎందరికో అది నార్మల్‌గానే ఉంటుంది.

మరి తెలుసుకునేదెలా? మొదటి అడుగుకు కొత్త పరీక్ష అక్కర్లేదు. కావలసిన నాలుగు అంకెలూ చేతిలో ఉన్న రిపోర్టులోనే ఉన్నాయి: వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు. వీటిని కలిపి వేసే లెక్కను ఫిబ్-4 అంటారు. ఉదాహరణకు వయసు 45, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1,80,000 అనుకుందాం. వయసును ఎస్‌జీఓటీతో గుణిస్తే 2,160. ఎస్‌జీపీటీ వర్గమూలం 8. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకుని, 180ని 8తో గుణిస్తే 1,440. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.5. ఈ విలువ 1.3 కన్నా తక్కువైతే ప్రస్తుతానికి నిశ్చింత. ఎక్కువైతే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. 2.67 దాటితే నేరుగా కాలేయ నిపుణుడి దగ్గరకు వెళ్లాలి. మన ఉదాహరణలోని మనిషికి ప్లేట్‌లెట్లు నార్మల్ పరిధిలోనే ఉన్నాయి, ఎంజైములు కాస్త ఎక్కువ, స్కానింగ్‌లో గ్రేడ్ వన్ అనే ఉండొచ్చు. ఒక్కో అంకె విడిగా చూస్తే ఎవరూ ఉలిక్కిపడరు. నాలుగూ కలిపి చూస్తేనే ఫైబ్రోస్కాన్ చేయించాలని తెలుస్తుంది.

ఈ లెక్కకు పరిమితులున్నాయి. ముప్పై అయిదు లోపు వాళ్లలో దీన్ని నమ్మలేం. అరవై అయిదు దాటిన వాళ్లకు 1.3 బదులు 2ను హద్దుగా తీసుకుంటారు. వయసు తక్కువున్నా షుగరో, బాగా పొట్టో ఉంటే ఫైబ్రోస్కాన్ చేయించాలా అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాలి. ఇన్ని పరిమితులున్నా, ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క సూత్రం చేర్చితే వచ్చే అంకె ఇది. ఉద్యోగుల చెకప్‌కు ల్యాబులతో ఒప్పందం చేసుకునే ప్రతి కంపెనీ ఈ ఒక్క షరతు పెట్టగలదు. పెట్టాలి.

ఇక 'నూనె తగ్గించండి' సంగతి. కాలేయంలోని కొవ్వు ఎక్కడి నుంచి వస్తుందో 2005లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు గుర్తుపట్టగల అణువులను ఎక్కించి లెక్క తీశారు. దాదాపు 59 శాతం శరీరంలో ముందే ఉన్న కొవ్వు నిల్వల నుంచి వస్తోంది. 26 శాతం కాలేయమే పిండిపదార్థాల నుంచి తయారుచేసుకుంటోంది. తిన్న కొవ్వు నుంచి నేరుగా వచ్చేది 15 శాతమే. వేపుడు మానేసి, చికెన్ పక్కనపెట్టి, రెండు పూటలా కంచం నిండా అన్నం, మధ్యలో పళ్లరసం, నాలుగు చక్కెర టీలు కొనసాగిస్తే కాలేయానికి ఒరిగేది తక్కువ.

నాకు వీటన్నిటికన్నా విలువైనదిగా తోచేది యేల్ విశ్వవిద్యాలయంలో గెరాల్డ్ షుల్మన్ బృందం వరుసగా చేసిన పని. 2006లో వాళ్లు సన్నగా, ఆరోగ్యంగా, యువకులుగా ఉన్న భారతీయ మూలాల మగవాళ్లను పరీక్షించారు. అదే బరువున్న తెల్లవాళ్లతో పోలిస్తే వీళ్ల కాలేయంలో కొవ్వు దాదాపు రెట్టింపు. మరుసటి ఏడాది ఇంకో ముడి విప్పారు. తిన్న అన్నంలోంచి వచ్చే గ్లూకోజును మామూలుగా కండరాలు తీసుకుని దాచుకుంటాయి. ఇన్సులిన్ మాట వినని కండరాలు దాన్ని తీసుకోవు. అది కాలేయానికి మళ్లుతుంది, కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. అంటే లోపం మొదట కనబడేది కండరంలో. 2011లో మరో అడుగు వేశారు. అలాంటి యువకుల చేత ఒక్కసారి, 45 నిమిషాలు వ్యాయామం చేయించి భోజనం పెట్టారు. ఆ పూట కాలేయం కొత్తగా తయారుచేసే కొవ్వు 30 శాతం తగ్గింది. కిలో బరువు తగ్గకుండానే.

జబ్బు మూలం తెలిస్తే వైద్యం ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 'కాస్త నడవండి' అన్నది మర్యాదకు చెప్పే సలహా కాదు, మందుచీటీ మీద మోతాదుతో, వేళతో రాయాల్సిన చికిత్స. సాయంత్రం ఒళ్లు చెమట పట్టేలా ముప్పావు గంట, ఆ తర్వాత భోజనం. వారంలో రెండు రోజులు బరువులెత్తడం. సన్నగా ఉన్నామనుకునే వాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పశ్చిమ బెంగాల్‌లో పొలం పనులు చేసుకునే పల్లెజనాన్ని పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలో నూటికి 75 మందికి అధిక బరువే లేదు. మనం చూడాల్సింది నడుము కొలత. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్తపడాలి.

ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో అమెరికా షిఫ్టు చేసేవాళ్ల రోజు చూడండి. సాయంత్రం ఆరుకు లాగిన్. వరుస కాల్స్. తొమ్మిదిన్నరకు ఫుడ్ కోర్టులో పావుగంట, చేతికందిన ఫ్రైడ్ రైస్. ఒంటిగంటకు నిద్ర ఆపుకోవడానికి టీ, సమోసా. మూడున్నరకు క్యాబ్. కొండాపూర్‌లోని పీజీ హాస్టల్ చేరి పడుకునేసరికి అయిదు. మధ్యాహ్నం లేచాక హాస్టల్ అన్నం, సాంబారు, ఆలూ కూర. ఈ రోజులో ఆ ముప్పావు గంట ఎక్కడుంది? 2015లో క్యూబా వైద్యులు 293 మంది రోగులను ఏడాది పాటు ఆహారం, వ్యాయామాల మీద ఉంచి మళ్లీ బయాప్సీ చేశారు. బరువులో పదో వంతు తగ్గినవాళ్లలో నూటికి 90 మందికి కాలేయ వాపు పోయింది, 45 మందికి ఫైబ్రోసిస్ వెనక్కి మళ్లింది. కానీ అంత తగ్గగలిగింది పదిమందిలో ఒక్కరే. మిగతావాళ్లకు పట్టుదల లేదని తేల్చేయడం అన్యాయం. వాళ్ల రోజు వాళ్ల చేతిలో ఉందా అని ముందు అడగాలి.

తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పనికి అనుమతి ఇచ్చింది. వారానికి 48 గంటలు దాటకూడదని, ఆరు గంటల్లోపు కనీసం అరగంట విరామం ఇవ్వాలని షరతు పెట్టింది. ఆ అరగంట కాగితం మీద ఉంటే చాలదు. షిఫ్టులో భోజనానికి ముందు ఒక గంట ఎవరికీ కాల్ పెట్టకూడదని ఒక కంపెనీ నియమం పెట్టుకుంటే, అది ఆ కంపెనీ కొనే ఏ ఇన్సూరెన్సు కన్నా గట్టిది. ఏడాదికోసారి స్టెప్ ఛాలెంజ్ పెట్టి, గెలిచినవాళ్లకు స్మార్ట్ వాచీ ఇచ్చి చేతులు దులుపుకుంటే సరిపోదు.

మందులు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, మంచిదే. అమెరికాలో 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌కు, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌కు ఈ జబ్బులో అనుమతి దొరికింది. సెమాగ్లుటైడ్ పరీక్షల్లో 72 వారాలకు సుమారు 63 శాతం మందికి కాలేయ వాపు తగ్గింది. ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లలో అది 34 శాతం. మన దేశంలో ఆ మందు పేటెంట్ గడువు 2026 మార్చి వరకే. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు తమ జెనరిక్‌లకు సిద్ధపడ్డాయి. ధర దిగితే ఎందరో నిజమైన రోగులకు అందుతుంది. అయితే ఆ రెండు అనుమతులూ రెండు, మూడు దశల ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లకే. గ్రేడ్ వన్ చూసి పొడిపించుకునే ఇంజెక్షన్ కాదది. మానేస్తే ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు కూడా నమోదైంది. ఫైబ్రోసిస్ కొలవకుండా మందు చౌకైతే, అక్కర్లేని వాళ్లు వాడతారు, కావలసిన వాళ్లు తెలియక ఉండిపోతారు.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లను ఎక్కువగా బలిగొనేది కాలేయం కాదు, గుండె. కాబట్టి ఈ రిపోర్టు వచ్చిన రోజే బీపీ, షుగరు, ఎల్‌డీఎల్ చూసుకోవాలి. 'లివర్ పాడవుతుంది' అన్న భయంతో కొలెస్ట్రాల్ మాత్రలు ఆపేసేవాళ్లు చాలామంది. ఫ్యాటీ లివర్‌లో స్టాటిన్లు సురక్షితమని ఏనాడో తేలింది. డాక్టరును అడగకుండా ఆపొద్దు.

మొదట చెప్పిన అధ్యయనంలోని 345 మందీ ఐటీ ఉద్యోగులే. అవే టవర్ల కింద రాత్రంతా మేలుకునే సెక్యూరిటీ గార్డులు, క్యాబ్ డ్రైవర్లు, హౌస్‌కీపింగ్ అక్కలు ఏ లెక్కలోనూ లేరు. వాళ్లవీ అవే వేళలు, ఇంకా నాసి తిండి, హెల్త్ చెకప్ అసలే లేదు. కేంద్రం 2021లోనే ఫ్యాటీ లివర్‌ను అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది. నగరంలో బస్తీ దవాఖానాలున్నాయి. అక్కడ ఇచ్చిన రక్తం తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు వెళ్లి, లివర్ ఫంక్షన్ టెస్టు, రక్తకణాల లెక్క ఉచితంగా వస్తాయి. ఫిబ్-4కు కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి. ఆ రిపోర్టు మీద ఈ అంకె కూడా అచ్చేయాలని, 1.3 దాటినవాళ్లకు ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో ఫైబ్రోస్కాన్ చేయించాలని రాష్ట్ర ఆరోగ్య శాఖను కోరుతున్నాను. రాత్రి డ్యూటీ దిగిన డ్రైవరు దవాఖానా తెరిచేదాకా కాచుకుని కూర్చోలేడు. మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల దవాఖానాల్లోనైనా ఉదయం ఏడింటికే రక్తం తీసుకునే ఏర్పాటు చేయాలి.