“జీతం ఎంత?” అని అడగనివ్వండి

ఈసారి ఒక మాట గురించి కాదు, ఒక ప్రశ్న గురించి రాస్తున్నాను. మనలాంటి వాళ్ళకి తెలుగు సరిగ్గా రాకముందే అర్థమైపోయే ప్రశ్న ఇది: “జీతం ఎంత?”

హైదరాబాద్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసి అడుగుతుంది. గుంటూరు నుంచి వచ్చిన బాబాయి సూట్‌కేసు కింద పెట్టకముందే అడుగుతాడు. ఉగాదికి ఇక్కడ రెజైనాలో నలుగురం కలిసి పులిహోర తింటూ ఉంటే, అప్పుడే పరిచయమైన అంకుల్ అడుగుతారు. ఇక్కడ పుట్టి పెరిగిన మనకి ఒళ్ళు మండుతుంది. “కెనడాలో ఎవరూ ఇలా అడగరు” అంటాం. మాట మార్చేస్తాం.

నా అభిప్రాయం వేరు. ఆ ప్రశ్న మంచిదే. మనకి అది కావాలి. అడిగే పద్ధతి మాత్రం కొంచెం మార్చాలి.

కొత్త ఉద్యోగానికి జీతం మాట్లాడుకోవడం గురించి ఎవరిని అడిగినా ఒకే సలహా ఇస్తారు: ధైర్యంగా అడుగు, మొహమాటపడకు. ఇంట్లో అయితే “అడగందే అమ్మైనా పెట్టదు” అంటారు. నిజమే. కానీ ఏం అడగాలి? ఎంత అడగాలి? ధైర్యం ఉన్నా అంకె తెలియకపోతే నోరు రాదు.

కూరగాయల బజారులో అమ్మమ్మలు బేరం ఆడటం చాలామంది చూసి ఉంటారు. అదంతా ధైర్యం అనుకుంటాం. కాదు. వంకాయలు ఎంతో ముందే నాలుగు చోట్ల అడిగి వస్తారు. నిన్న పక్కింటావిడ ఎంతకి కొన్నదో తెలుసు. ధర తెలుసు కాబట్టే గొంతు అంత గట్టిగా వస్తుంది. బేరం అంటే సగం ఆ తెలుసుకోవడమే.

ఇంటర్వ్యూలో దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. “మీరు ఎంత అనుకుంటున్నారు?” అని అడిగే మనిషికి అన్నీ తెలుసు. ఆ ఆఫీసులో ఎవరికి ఎంత ఇస్తున్నారో తెలుసు, ఈ పనికి ఎంత వరకు ఇవ్వచ్చో తెలుసు. జవాబు చెప్పే మనకి ఏమీ తెలియదు. ఒకరి చేతిలో ముక్కలన్నీ ఉన్నాయి, ఇంకొకరి చేతిలో ఏమీ లేదు. అది పేకాట కూడా కాదు.

కొన్ని రాష్ట్రాలు ఇది గమనించాయి. బ్రిటిష్ కొలంబియాలో 2023లో ఒక చట్టం వచ్చింది. ఉద్యోగ ప్రకటనలో జీతం ఎంత నుంచి ఎంత వరకో రాయాలి. పాత ఉద్యోగంలో ఎంత వచ్చేదో అడగకూడదు. ఒంటారియోలో కూడా 2026 జనవరి నుంచి చాలా కంపెనీలు ప్రకటనలోనే జీతం చెప్పాలి. మన సస్కాచెవాన్‌లో అలాంటి చట్టం లేదు. కాబట్టి ఇక్కడ అంకెలు మనమే వెతుక్కోవాలి.

కొన్ని బయటే దొరుకుతాయి. కెనడా ప్రభుత్వం వారి జాబ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో ఉద్యోగం పేరు, ఊరు ఇస్తే గంటకి తక్కువ జీతం, మధ్య జీతం, ఎక్కువ జీతం చూపిస్తుంది. మధ్య జీతం అంటే సగం మందికి దానికంటే ఎక్కువ, సగం మందికి తక్కువ వస్తుందన్నమాట. యూనియన్ ఉన్న ఉద్యోగాల్లో, అంటే రెజైనాలో చాలా ప్రభుత్వ ఉద్యోగాల్లో, జీతాల పట్టిక యూనియన్ ఒప్పందంలోనే ఉంటుంది. అక్కడ పట్టికని మార్చలేం. కానీ “నా అనుభవానికి మొదటి మెట్టు కాకుండా మూడో మెట్టు దగ్గర మొదలుపెట్టగలరా?” అని అడగచ్చు.

ఇంకో విషయం నాకు చాలా నచ్చింది. సస్కాచెవాన్ ప్రభుత్వం ప్రతి సంవత్సరం పబ్లిక్ అకౌంట్స్ అని ఒక లెక్కల పుస్తకం విడుదల చేస్తుంది. దాని రెండో భాగంలో ఏడాదికి 50,000 డాలర్లు, అంతకంటే ఎక్కువ తీసుకున్న ప్రభుత్వ ఉద్యోగుల పేర్లు, పక్కన ఎంత ఇచ్చారో ఉంటాయి. పేర్లతో సహా! “కెనడాలో ఎవరూ జీతం గురించి మాట్లాడరు” అనేవాళ్ళకి ఇది చూపించండి. మన అంకుల్ ఒక్కడినే అడుగుతారు. ప్రభుత్వం అందరివీ అచ్చు వేస్తుంది.

కానీ చిన్న ఐటీ కంపెనీ, అకౌంటెంట్ ఆఫీసు, డెంటల్ క్లినిక్, హోటల్, గిడ్డంగి లాంటి చోట్ల జీతాలు ఏ పుస్తకంలోనూ ఉండవు. అక్కడ పనిచేసేవాళ్ళ తలల్లో మాత్రమే ఉంటాయి. వాటిని బయటికి తీసేది ఒక్కటే: మనిషి మనిషిని అడగడం.

నాకు తెలిసిన ఇద్దరు ఇక్కడ ఒకే కంపెనీలో, ఒకే పనికి, కొన్ని వారాల తేడాతో చేరారు. ఒకే రకం చదువు. ఒకరికి గంటకి రెండు డాలర్లు తక్కువ. ఏడాదిన్నర తర్వాత ఒక పుట్టినరోజు పార్టీలో మాటల్లో తెలిసింది. వారానికి 40 గంటలు, ఏడాదికి 52 వారాలు లెక్కవేస్తే రెండు డాలర్లు అంటే 4,160 డాలర్లు. ఐదేళ్ళకి 20,800. తర్వాత వచ్చే పెంపు శాతాల్లో వస్తుంది కాబట్టి తేడా తగ్గదు, పెరుగుతుంది. తక్కువ వచ్చిన అమ్మాయి పిరికిది కాదు. ఆమెని ఎంత కావాలని అడిగితే ఎంత చెప్పాలో తెలియలేదు, అంతే. ఒకే రకమైన పనికి ఆడవాళ్ళకి మగవాళ్ళకంటే తక్కువ ఇవ్వకూడదని సస్కాచెవాన్ చట్టంలో ఉంది. కానీ ఎవరూ నోరు విప్పకపోతే ఆ తేడా ఎవరికి కనిపిస్తుంది?

మరి ఆ ప్రశ్న మనకి ఎందుకు అంత చిరాకు? ఎందుకంటే మనవాళ్ళు అడిగేది పని గురించి కాదు, మన గురించి. వాళ్ళ అబ్బాయి ప్యాకేజీతో పోల్చడానికి, పెళ్ళి సంబంధానికి, ఎవరు గొప్పో తేల్చడానికి. “నీకెంత?” అన్నప్పుడు తూకం వేస్తున్నది మనిషిని.

దాన్ని కొంచెం తిప్పితే చాలు. “నీకెంత వస్తుంది?” బదులు “ఈ పనికి ఎంత ఇస్తున్నారు?” అనండి. తెలుగులో రెండు మాటలే తేడా. కానీ మొదటిది మనిషి విలువ అడుగుతుంది, రెండోది పని ధర అడుగుతుంది. రెండోదానికి జవాబు చెప్పడం కష్టం కాదు. సరిగ్గా అంకె చెప్పక్కర్లేదు. “ఇక్కడ కొత్తవాళ్ళకి గంటకి ఇంత నుంచి ఇంత వరకు ఇస్తారు, అనుభవం ఉంటే ఇంకొంచెం అడుగు” అంటే సరిపోతుంది. దిష్టి తగులుతుందని భయపడేవాళ్ళు కూడా అంత మాత్రం చెప్పచ్చు.

ఇక్కడ కొంతమంది ఆగి, “నువ్వు పౌరురాలివి, నీకేం? వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్ళు బేరం ఆడితే ఉద్యోగమే పోతుంది” అంటారు. ఈ మాటలో నిజం ఉంది. పీఆర్ కోసం ఒక కంపెనీ మీద ఆధారపడిన మనిషి, వేరే ఉద్యోగం వెతుక్కోగల మనిషి ఒకే బలంతో మాట్లాడలేరు. “ధైర్యంగా అడుగు” అని వాళ్ళకి సలహా ఇవ్వడం సులువు. నష్టం వస్తే భరించేది వాళ్ళు.

అందుకే బేరం వేరు, హక్కు వేరు అని తెలుసుకోవాలి. హక్కుని బేరం ఆడి తెచ్చుకోనక్కర్లేదు. సస్కాచెవాన్‌లో 2025 అక్టోబర్ 1న గంటకి కనీస జీతం 15.35 డాలర్లు అయింది. మేనేజర్లలాంటి కొందరికి తప్ప వారానికి 40 గంటలు దాటితే గంటకి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఏడాది పనిచేస్తే జీతంతో మూడు వారాల సెలవు. చాలా రాష్ట్రాల్లో మొదట రెండు వారాలే. ఆఫర్ లెటర్‌లో “మీకు మూడు వారాల సెలవు ఇస్తున్నాం” అని ఉంటే మురిసిపోకండి. అది వాళ్ళ దయ కాదు, చట్టం. మీ బేరం నాలుగో వారం దగ్గర మొదలవుతుంది. విదేశాల నుంచి వచ్చిన కార్మికుడికి ఉద్యోగం ఇప్పించినందుకు అతని దగ్గర డబ్బు తీసుకోవడం ఇక్కడ నిషేధం. తీసుకునేది మన తెలుగువాడైనా సరే.

ఇంకో మాట. “నేను ఇచ్చే జాబ్ లెటర్‌తో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పాయింట్లు వస్తాయి, కాబట్టి జీతం తక్కువైనా సర్దుకో” అని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పాయింట్లని 2025 మార్చి 25న తీసేశారు. రాష్ట్ర నామినేషన్‌కి జాబ్ ఆఫర్ అవసరం ఉండచ్చు. అది వేరే విషయం. కానీ ఏది నిజమో తెలియాలంటే, మళ్ళీ, ఎవరో ఒకరు మాట్లాడాలి.

జీతం ఒక్కటే కాదు, మిగతావి కూడా అడిగి తెలుసుకోవాలి. రెజైనాలో జనవరిలో మైనస్ 30 ఉన్నప్పుడు కారుకి ప్లగ్ ఉన్న పార్కింగ్ చిన్న విషయం కాదు. షిఫ్ట్ అయ్యేసరికి బస్సు ఉంటుందా? పళ్ళ డాక్టర్ ఖర్చు ఎప్పటినుంచి ఇస్తారు? ఇండియా వెళ్ళడానికి సెలవులన్నీ ఒకేసారి వాడుకోనిస్తారా? జీతం పెంచలేం అన్న కంపెనీ వీటిలో ఒకటి ఒప్పుకోవచ్చు. ఒప్పుకుంటే కాగితం మీద రాయించుకోండి. నోటిమాట చెప్పిన మేనేజర్ వచ్చే ఏడాది అక్కడ ఉండకపోవచ్చు.

తెలుగు నేర్చుకుంటూ నాకు దొరికిన ఒక చిన్న సాయం కూడా చెప్తాను. ఇంగ్లీషులో కంపెనీవాళ్ళు “మనమంతా ఒక కుటుంబం” అన్నట్టు మాట్లాడతారు. వాళ్ళ భాషలో మనం, మేము రెండూ ఒకే మాట. తెలుగులో కాదు. కాబట్టి వాళ్ళు చెప్పే ప్రతి వాక్యాన్ని మనసులో తెలుగు చేసుకోండి. “ఈ ఏడాది మా బడ్జెట్ తక్కువ” అన్నప్పుడు అది మేమా, మనమా? సంతకం పెట్టేదాకా అది మేమే. మీరు అటువైపు లేరు, ఇటువైపు ఉన్నారు. కోపం అక్కర్లేదు, అది గుర్తుంటే చాలు.

చివరిగా, ఎవరు ముందు చెప్పాలి? కొత్తగా వచ్చినవాళ్ళు కాదు. వాళ్ళకి భయపడటానికి కారణాలు ఉన్నాయి. ముందు మనం చెప్పాలి: ఇక్కడ పుట్టినవాళ్ళం, ఉద్యోగంలో కుదురుకున్నవాళ్ళం, ఒక ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోగలవాళ్ళం. నిన్నగాక మొన్న వచ్చిన విద్యార్థులు మన తెలుగు ఓపికగా సరిదిద్దుతారు. “అక్కా, అలా కాదు, ఇలా అనాలి” అంటారు. దానికి బదులుగా మన దగ్గర వాళ్ళకి పనికొచ్చేది ఒకటుంది. ఈ ఊళ్ళో ఏ పనికి ఎంత ఇస్తారో మనకి తెలుసు.

ఈసారి ఎవరైనా ప్లేటు పట్టుకుని పక్కన కూర్చుని “జీతం ఎంతమ్మా?” అంటే మాట మార్చకండి. “నాది వదిలేయండి అంకుల్, ఈ పనికి ఎంత ఇస్తారో చెప్తాను” అనండి. పక్కన ఉద్యోగం వెతుక్కుంటున్న కుర్రవాడు ఎవరైనా ఉంటే, అతనికి కూడా వినపడేలా చెప్పండి.